ఆఫీసులో మహిళల కృషికి గుర్తింపు, సమానత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి దగ్గరపడుతుంటే చాలా ఆఫీసుల్లో ఒక చిన్న కమిటీ ఏర్పడుతుంది. ఏం చేద్దాం, ఎవరిని పిలుద్దాం అని చర్చ మొదలవుతుంది. ఆ కమిటీలో కూర్చునేవాళ్లు, మేనేజర్లు, హెచ్‌ఆర్ వాళ్లు, ఉద్యోగినులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. జవాబులన్నిటి వెనక నా నమ్మకం ఒకటే. ఏ పని ఎవరు చేశారో పేరు పెట్టి చెప్పాలి, దాన్ని రాసి పెట్టాలి, దానికి తగ్గ డబ్బు ఇవ్వాలి. నోటిమాటగా నడిచే చోట నష్టం ఎక్కువగా ఆడవాళ్లకే జరుగుతుంది.

మహిళా దినోత్సవం మార్చి 8నే ఎందుకు?

ఈ రోజు పుట్టిందే పనిచేసే ఆడవాళ్ల పోరాటంలోంచి. 1910లో కోపెన్‌హేగన్‌లో జరిగిన సోషలిస్టు మహిళల అంతర్జాతీయ సదస్సులో జర్మనీ సోషలిస్టు నాయకురాలు క్లారా జెట్కిన్, ఆమె సహచరులు ఏటా ఒక మహిళా దినం జరపాలని ప్రతిపాదించారు. మరుసటి ఏడాది మార్చి 19న ఆస్ట్రియా, డెన్మార్క్, జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో మొదటిసారి జరిగింది. ఓటు హక్కుతో పాటు పనిచేసే హక్కు కూడా ఆ రోజు అడిగారు. వారం తిరక్కుండానే, మార్చి 25న, న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచి 146 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది వలస కుటుంబాల నుంచి వచ్చిన యువతులు. బయటికి వెళ్లే ఒక తలుపుకు తాళం వేసి ఉంది.

ఇక మార్చి 8 అనేది 1917లో రష్యాలోని పెట్రోగ్రాడ్ మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు రొట్టె కావాలని, యుద్ధం ఆపాలని సమ్మెకు దిగిన రోజు. ఐక్యరాజ్యసమితి 1975 నుంచి ఈ రోజును జరుపుతోంది.

ఆ రోజు ఆఫీసులో ఏం చేస్తే బాగుంటుంది?

మొదట ఏం వద్దో చెప్తాను. "ఇల్లూ ఆఫీసూ రెండూ చక్కబెట్టే ఓర్పు మీది" అనే ప్రసంగం వద్దు. ఓర్పును పొగిడితే ఇంకొంచెం ఓర్చుకోమని చెప్పినట్టే వినిపిస్తుంది. "మా టీమ్‌కు వెన్నెముక" లాంటి మాటలూ గాల్లో కలిసిపోయేవే. ఆమె ఏం చేసిందో విన్నవాళ్లకు తెలియదు.

దానికి బదులు ఒక మనిషి, ఒక పని, మూడు వాక్యాలు. "సర్వర్ పడిపోయిన రాత్రి డేటా పోకుండా కాపాడింది ఈమె. ఆ రోజు ఆమె రాసిన పద్ధతినే ఇప్పుడు మూడు టీమ్‌లు వాడుతున్నాయి. ఈ ఏడాది ఆమె అప్రైజల్‌లో ఇది రికార్డయింది." మూడో వాక్యం మర్చిపోకండి. వేదిక మీద చెప్పి ఫైల్లో రాయని పొగడ్త ప్రమోషన్ రోజున ఎవరికీ గుర్తుండదు.

ఎవరి పేర్లు చదువుతున్నారో ఒకసారి చూసుకోండి. శుభ్రం చేసేవాళ్లు, గేటు దగ్గర సెక్యూరిటీలో ఉండేవాళ్లు, కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లు, రాత్రి షిఫ్టు వాళ్లు ఆ జాబితాలో ఉన్నారా? మధ్యాహ్నం మూడింటికి కార్యక్రమం పెడితే రాత్రి షిఫ్టు వాళ్లు నిద్రలో ఉంటారు. వాళ్ల కోసం ఇంకో సమయం పెట్టాలి.

ఏర్పాట్ల సంగతి కూడా చెప్పాలి. ఆడవాళ్ల రోజు కదా అని కుర్చీలు వేయించడం, బ్యానర్ రాయించడం, ఫొటోలు తీయించడం అన్నీ వాళ్ల నెత్తినే వేస్తారు. తన గౌరవార్థం జరిగే సభకు తనే చాకిరీ చేసి, తన అసలు పని రాత్రి కూర్చుని పూర్తి చేసుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. ఆ బాధ్యత మగ ఉద్యోగులకు, మేనేజర్లకు ఇవ్వండి. అదే రోజు, అదే వేదిక మీద ఒక్క నిర్ణయమైనా తేదీతో సహా ప్రకటించండి.

పూలు ఇవ్వడం తప్పా?

తప్పేం కాదు. ప్రేమగా ఇస్తే సంతోషంగానే తీసుకుంటారు. జీతం గురించి అడిగిన మాటకు జవాబుగా మాత్రం పువ్వు ఇవ్వకండి.

వేదిక మీద మాట్లాడమంటే మా ఉద్యోగినులు ఇష్టపడటం లేదు. ఎందుకు?

చాలా కారణాలు ఉండొచ్చు. ఏటా వాళ్లనే అడుగుతూ ఉండొచ్చు. "ఆడదానిగా మీ అనుభవం చెప్పండి" అంటే, తను పదిహేనేళ్లుగా నేర్చుకున్న పని గురించి ఎవరికీ ఆసక్తి లేదని అనిపిస్తుంది. నిజం చెప్తే తర్వాత ఇబ్బంది పడతామన్న టెన్షన్ కూడా ఉంటుంది. ఆమె నైపుణ్యం మీద మాట్లాడమని అడగండి, అదీ మార్చిలోనే కాకుండా మిగతా నెలల్లో కూడా. వద్దంటే వదిలేయండి. కారణం తవ్వకండి.

"సమాన పనికి సమాన జీతం" సరే. "సమాన విలువ గల పని" అంటే ఏమిటి?

ఈ రెండిటి మధ్య తేడా అర్థమైతే సగం విషయం అర్థమైనట్టే. ఒకే కుర్చీలో, ఒకే పని చేసే ఇద్దరికి ఒకే జీతం ఇవ్వడం మొదటిది. చేసే పనులు వేరైనా వాటికి కావలసిన నైపుణ్యం, శ్రమ, బాధ్యత, పని పరిస్థితులు ఒకే స్థాయివైతే జీతం కూడా ఒకే స్థాయిలో ఉండాలనేది రెండోది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒప్పందం ఈ రెండో మాటనే వాడింది.

దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ 1968లో ఇంగ్లండ్‌లోని డాగెన్‌హామ్‌లో జరిగింది. అక్కడి ఫోర్డ్ ఫ్యాక్టరీలో కారు సీట్ల కవర్లు కుట్టే 187 మంది ఆడవాళ్లు మిషన్లు ఆపేశారు. కుట్టుపనికి నైపుణ్యం అక్కర్లేదన్నట్టు వాళ్లను కింది గ్రేడులో వేశారు. పైగా ఆ గ్రేడులో మగవాళ్లకు ఇచ్చే జీతంలో 85 శాతమే ఇచ్చేవారు. సీట్లు లేకపోతే కార్లు బయటికి పోవు కదా, ఫ్యాక్టరీ ఆగిపోయింది. చివరికి 92 శాతానికి ఒప్పందం కుదిరింది. 1970లో బ్రిటన్‌లో సమాన వేతన చట్టం రావడానికి ఆ సమ్మె ఒక పెద్ద కారణం. అయితే వాళ్లు మొదట అడిగింది తమ పనిని నైపుణ్యం గల పనిగా ఒప్పుకోమని. అది దక్కడానికి 1984లో ఇంకో సమ్మె చేయాల్సి వచ్చింది. పదహారేళ్లు! డబ్బులో కొంత పెంచడానికి ఒప్పుకున్నవాళ్లు కూడా "ఇది నేర్చుకుంటేనే వచ్చే పని" అని ఒప్పుకోవడానికి అంత కాలం తీసుకున్నారు.

మీ సంస్థలో చూడండి. ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న విభాగానికి, మగవాళ్లు ఎక్కువగా ఉన్న విభాగానికి గ్రేడులు ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో నిర్ణయించారు? "మొదటి నుంచీ ఇంతే" అనేదే జవాబైతే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మా దగ్గర జీతాల్లో తేడా లేదనే అనుకుంటున్నాం. ఎలా తెలుసుకోవాలి?

అనుకోవడం ఆపి లెక్క వేయాలి. ఒకటి, అందరు ఆడవాళ్ల సగటు, అందరు మగవాళ్ల సగటు పక్కపక్కన పెట్టండి. పై స్థాయి ఉద్యోగాల్లో ఎవరు ఉన్నారో, కింద ఎవరు మిగిలిపోయారో ఇది చూపిస్తుంది. రెండు, ఒకే గ్రేడు, ఒకే అనుభవం ఉన్నవాళ్లను పోల్చండి. మొదటి లెక్కలో తేడా బయటపడగానే "మా దగ్గర గ్రేడులు వేరు" అని రెండో లెక్క వెనక దాక్కునేవాళ్లను చూస్తుంటాం. రెండూ నిజమే, రెండూ కావాలి. బోనస్, ఓవర్‌టైమ్, అలవెన్సులు వదిలేయకండి. మూల జీతం సమానంగా ఉండి తేడా అంతా బోనస్‌లో ఉండే చోట్లు ఉంటాయి.

చేరిన రోజు ఇచ్చిన జీతం కూడా చూడండి. "పాత కంపెనీలో ఎంత వచ్చేది?" అని అడిగి దాని మీద కొంత పెంచితే, అక్కడ జరిగిన అన్యాయాన్ని మీరు ఇక్కడ కొనసాగించినట్టే. ఆ ప్రశ్న మానేసి, ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత వరకో రాయండి.

జీతాలు రహస్యంగా ఉంచితే ఏమవుతుందో చెప్పడానికి లిల్లీ లెడ్‌బెటర్ కథ చాలు. అమెరికాలోని ఒక టైర్ల ఫ్యాక్టరీలో ఆమె దాదాపు ఇరవై ఏళ్లు సూపర్‌వైజర్ స్థాయిలో పనిచేశారు. తనతో సమానమైన మగవాళ్ల కంటే తక్కువ ఇస్తున్నారని ఆమెకు తెలిసింది ఎవరో పేరు లేకుండా పెట్టి వెళ్లిన ఒక చీటీతో. కోర్టుకు వెళ్తే, వివక్ష మొదలైన 180 రోజుల్లోపే ఫిర్యాదు చేయాల్సిందని 2007లో సుప్రీం కోర్టు తేల్చింది. తెలియని విషయం మీద ఎవరైనా ఎలా ఫిర్యాదు చేస్తారు? ఆ తీర్పును సరిదిద్దుతూ 2009లో ఆమె పేరు మీదే చట్టం వచ్చింది. ఆమెకు మాత్రం ఆ డబ్బు ఎప్పటికీ రాలేదు.

ఐస్‌లాండ్ ఈ భారాన్ని ఉద్యోగి నెత్తి మీద నుంచి తీసి కంపెనీ మీద పెట్టింది. 25 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులు ఉన్న సంస్థలు సమాన జీతం ఇస్తున్నట్టు తామే రుజువు చేసుకోవాలని 2018 నుంచి అక్కడ చట్టం అమల్లోకి వచ్చింది.

పిల్లలు పుట్టాక ఆడవాళ్లు వెనకబడితే అది వాళ్ల సొంత నిర్ణయం కదా?

అమెరికా మహిళల రెండు వందల ఏళ్ల ఉద్యోగ చరిత్రను తవ్వి తీసిన క్లాడియా గోల్డిన్‌కు 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకప్పుడు జీతాల తేడాను చదువుతో, ఎంచుకున్న వృత్తితో చాలావరకు వివరించగలిగేవారు. ఇప్పుడు ఎక్కువ భాగం ఒకే వృత్తిలో ఉన్న ఆడ, మగ మధ్యే ఉందని, అది చాలావరకు మొదటి బిడ్డ పుట్టాక మొదలవుతుందని ఆమె చూపించారు. రాత్రనక పగలనక, సెలవనక అందుబాటులో ఉండేవాళ్లకు లెక్కకు మించి ఎక్కువ జీతం ఇచ్చే ఉద్యోగాలు ఉంటాయి. ఇంట్లో ఒకరు అలాంటి ఉద్యోగంలో ఉంటే ఇంకొకరు పిల్లల వైపు నిలబడక తప్పదు. ఆ ఇంకొకరు ఎవరో అందరికీ తెలిసిందే.

దీన్ని సొంత నిర్ణయం అనడం నాకు మనసొప్పదు. ముందు దారి మూసేసి, పక్క దారిలో వెళ్లావు కాబట్టి అది నీ ఇష్టమే అంటే ఎలా? సంస్థ చేయగలిగింది ఉంది. ఒకరి పని ఇంకొకరు అందుకునేలా రాసి పెట్టుకోవడం, సాయంత్రం ఆరు తర్వాత మీటింగులు పెట్టకపోవడం, కూర్చున్న గంటలను బట్టి కాక పూర్తయిన పనిని బట్టి రేటింగ్ ఇవ్వడం. ఇవి తల్లులకు మాత్రమే పనికొచ్చేవి కావు, అందరికీ పనికొస్తాయి.

తండ్రులకు సెలవు ఇస్తే ఆడవాళ్లకు ఏం లాభం?

చాలా. పెళ్లయిన అమ్మాయిని తీసుకుంటే సెలవు మీద వెళ్లిపోతుంది అనే భయం, సెలవు ఒక్కరికే ఉన్నంతకాలం పోదు. స్వీడన్ 1974లోనే ప్రసూతి సెలవును తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చింది. అయినా చాలా ఏళ్లు తండ్రులు పెద్దగా వాడుకోలేదు. నార్వే 1993లో కొన్ని వారాలు తండ్రికే ప్రత్యేకంగా కేటాయించింది, ఆయన తీసుకోకపోతే ఆ వారాలు పోతాయి. అప్పుడు తండ్రులు తీసుకోవడం ఒక్కసారిగా పెరిగింది. మేనేజరే ముందు తీసుకుంటే కింద ఉన్న అబ్బాయిలకు ధైర్యం వస్తుంది.

మెటర్నిటీ లీవ్ తర్వాత తిరిగి వస్తున్న ఆమెతో ఎలా ఉండాలి?

వెళ్లే ముందే మాట్లాడుకోండి. సెలవులో ఉండగా ఆఫీసు కబుర్లు కావాలా వద్దా, ఎంత వరకు కావాలి అని ఆమెనే అడగండి. తిరిగి వచ్చే రోజుకు కుర్చీ, లాగిన్, టీమ్, పాత పని లేదా దానికి సమానమైన పని సిద్ధంగా ఉండాలి. పాలు పిండుకోవడానికి గడియ ఉన్న శుభ్రమైన గది, ఫ్రిజ్ ఉండాలి. బాత్రూమ్ ఆ పనికి తగిన చోటు కాదు.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది జాలి వల్ల. "పాపం చిన్న బిడ్డ కదా, ఆ పెద్ద ప్రాజెక్టు ఆమెకెందుకు, వేరేవాళ్లకు ఇద్దాం" అని మంచి మనసుతోనే అంటారు. ఆమెను అడగరు. ఏడాది తర్వాత ప్రమోషన్ జాబితాలో ఆమె పేరు ఉండదు, ఎందుకంటే పెద్ద ప్రాజెక్టు ఏదీ చేయలేదు. సెలవులో ఉన్న నెలలకు రేటింగ్ తగ్గించడం కూడా చూస్తుంటాం. పనిచేసిన నెలలకే రేటింగ్ ఇవ్వాలి, అది సెలవు హక్కులో భాగం.

మినిట్స్ (మీటింగులో జరిగిన చర్చ) రాయడం, పుట్టినరోజు ఏర్పాట్లు, కొత్తవాళ్లకు నేర్పించడం ఎప్పుడూ నా మీదే పడుతున్నాయి. వద్దంటే మొండి అంటారు. ఏం చేయాలి?

తప్పు మీది కాదని ముందుగా చెప్పాలి. ఎవరో ఒకరు చేయక తప్పని, చేసినవాళ్లకు పేరు రాని పనులను ఎవరు నెత్తిన వేసుకుంటారో చూడటానికి లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు పరిశోధకురాళ్లు ప్రయోగాలు చేసి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఆడ, మగ కలిసి ఉన్న గుంపుల్లో ఆడవాళ్లే ఎక్కువగా ముందుకు వచ్చారు. అడిగేవాళ్లు, ఆడైనా మగైనా, ఆడవాళ్లనే ఎక్కువగా అడిగారు. అడిగితే ఆడవాళ్లే ఎక్కువగా ఒప్పుకున్నారు. కానీ గుంపులో అందరూ మగవాళ్లే ఉన్నప్పుడు మగవాళ్లు చక్కగా ముందుకొచ్చారు! అంటే వాళ్లకు చేతకాక కాదు. పక్కన ఒక అమ్మాయి ఉంటే ఆమె చేస్తుందిలే అని అందరూ, ఆమెతో సహా, ఎదురుచూస్తారు.

కాబట్టి "ఎవరు చేస్తారు?" అని గదిలో అడగడం మేనేజర్లు మానేయాలి. వంతుల జాబితా రాసి గోడ మీద పెట్టండి. ఈ వారం ఇతను, వచ్చే వారం ఆమె. కొత్తవాళ్లకు నేర్పించడం లాంటి బరువైన పనికి అప్రైజల్‌లో చోటు ఇవ్వండి. మీరు ఉద్యోగిని అయితే ఒక నెల పాటు ఇలాంటి పనులకు పోయిన గంటలు రాసుకుని మేనేజర్ ముందు పెట్టండి. "ఇవి చేయమంటారా, ప్రాజెక్టు పూర్తి చేయమంటారా?" అని అడగడం మొండితనం అనిపించుకోదు.

నేను చెప్పిన ఐడియాను మీటింగులో ఇంకొకరు తమదిగా చెప్తే?

జోసిలిన్ బెల్ బర్నెల్ 1967లో, ఇంకా పరిశోధక విద్యార్థినిగా ఉండగానే, పల్సర్ల (క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే నక్షత్రాల) సంకేతాన్ని మొదట గుర్తించారు. 1974లో ఆ ఆవిష్కరణకు నోబెల్ ఆమె గైడ్‌కు వెళ్లింది. అణు విచ్ఛిత్తిని వివరించిన లీజ్ మైట్నర్‌ను వదిలేసి 1944 రసాయనశాస్త్ర నోబెల్‌ను ఆమెతో కలిసి పరిశోధన చేసిన ఒట్టో హాన్‌ ఒక్కడికే ఇచ్చారు. అంత పెద్ద చోట్లే అలా జరిగింది.

మీటింగుకు ముందే మీ ఆలోచనను రెండు పేరాల్లో రాసి అందరికీ మెయిల్ చేయండి. తేదీతో సహా సాక్ష్యం ఉంటుంది. ఇది మీరు చేసుకునే జాగ్రత్త. అసలు బాధ్యత మాత్రం పక్కనున్నవాళ్లది. "ఇందాక ఆమె చెప్పింది ఇదే, ఆమెనే పూర్తిగా చెప్పనిద్దాం" అని ఒక్కరు అంటే చాలు. నేను పనిచేసిన ఒక చోట మినిట్స్‌లో ప్రతి సూచన పక్కన చెప్పినవాళ్ల పేరు రాయడం మొదలుపెట్టాక, మాట మధ్యలో లాక్కోవడం చాలావరకు తగ్గిపోయింది.

ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు పక్షపాతం ఎలా తగ్గించాలి?

అమెరికాలోని చాలా పెద్ద ఆర్కెస్ట్రాలు 1970లు, 80లలో ఆడిషన్లలో తెర కట్టడం మొదలుపెట్టాయి. వాయించేది ఎవరో కనపడదు. చెప్పుల చప్పుడు వినిపించకుండా కొన్ని చోట్ల తివాచీ కూడా పరిచారు. ఐదు అగ్ర ఆర్కెస్ట్రాల్లో 1970లో 5 శాతం దాకా ఉన్న ఆడవాళ్లు 1990లు ముగిసేసరికి 25 శాతం దాకా చేరారు. దీనికి తెర ఒక్కటే కారణం కాదు, బహిరంగంగా ప్రకటన ఇచ్చి ఖాళీలు నింపడం కూడా తోడైంది.

అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే వరుసలో అడగండి. మార్కులు ఎవరికి వాళ్లు రాసుకున్నాకే చర్చించండి. పెళ్లి, పిల్లల ప్రశ్నలు అసలు వద్దు. కంప్యూటర్ చూసుకుంటుందిలే అనుకోకండి. ఒక పెద్ద ఆన్‌లైన్ వ్యాపార సంస్థ తయారు చేసుకున్న రెజ్యూమె వడపోత ప్రోగ్రాం ఆడవాళ్ల రెజ్యూమెలను తక్కువ చేసి చూస్తోందని 2018లో బయటపడింది. పాత నియామకాలను చూపించి నేర్పించారు, పాత అలవాటే నేర్చుకుంది.

కోటా పెడితే ప్రతిభ దెబ్బతినదా?

నార్వే 2003లో చేసిన చట్టంతో అక్కడి పబ్లిక్ లిమిటెడ్ కంపెనీల బోర్డుల్లో ఆడవాళ్లు, మగవాళ్లు ఏ ఒక్కరూ 40 శాతానికి తగ్గకూడదన్న నియమం 2008 నాటికి పూర్తిగా అమలైంది. ఆ తర్వాత వచ్చిన మహిళా డైరెక్టర్లు అంతకు ముందు ఉన్న మహిళా డైరెక్టర్ల కంటే ఎక్కువ అర్హతలు ఉన్నవాళ్లేనని పరిశోధకులు తేల్చారు. అయితే కింది స్థాయిలో పనిచేసే ఆడవాళ్ల పరిస్థితి దానంతట అదే మారలేదని కూడా అదే పరిశోధన చెప్పింది. పైన కుర్చీ వేసినంత మాత్రాన కింద మెట్లు కట్టినట్టు కాదు. మెట్ల పని వేరేగా చేయాలి.

పరికరాలు, యూనిఫారాలు కూడా సమానత్వం కిందికి వస్తాయా?

వస్తాయి. 2019 మార్చిలో ఇద్దరు మహిళా వ్యోమగాములు కలిసి చేయాల్సిన అంతరిక్ష నడక, సరిపోయే సైజు సూటు పైభాగం ఒక్కటే సిద్ధంగా ఉండటంతో మారిపోయింది. ఇద్దరు మహిళల నడక చివరికి ఆ ఏడాది అక్టోబర్ 18న క్రిస్టినా కోక్, జెస్సికా మీర్ చేశారు. అంతరిక్షంలోనే అలా ఉంటే, చేతికి జారిపోయే గ్లౌజులతో మిషన్ దగ్గర నిలబడే ఆమె సంగతి చెప్పక్కర్లేదు. గ్లౌజులు, బూట్లు, హెల్మెట్లు, జాకెట్లు ఆడవాళ్ల సైజుల్లో తెప్పించండి. బాత్రూమ్‌లు ఎంత దూరంలో ఉన్నాయో నడిచి చూడండి.

వేధింపుల ఫిర్యాదులు మా దగ్గర ఒక్కటీ లేవు. అంటే అంతా బాగున్నట్టేనా?

అలా అనుకోకండి. చెప్పుకునే చోటు లేకపోయినా ఫిర్యాదులు రావు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒప్పందం పని ప్రదేశం అన్న మాటకు విశాలమైన అర్థం ఇచ్చింది. ఆఫీసు గదితో పాటు పని మీద ప్రయాణాలు, ట్రైనింగులు, ఫోన్ మెసేజ్‌లు, యజమాని ఇచ్చిన వసతి, ఇంటికీ ఆఫీసుకీ మధ్య రాకపోకలు కూడా అందులోకి వస్తాయి. శిక్షణలో ఉన్నవాళ్లకు, ఉద్యోగం కోసం వచ్చినవాళ్లకు కూడా రక్షణ ఉండాలంది.

ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో గోడ మీద రాసి ఉండాలి. తన బాస్ మీదే ఫిర్యాదైతే ఎక్కడికి వెళ్లాలో కూడా రాసి ఉండాలి. విచారణ నడుస్తున్నప్పుడు చోటు మార్చాల్సి వస్తే ఫిర్యాదు చేసిన ఆమెనే మార్చేయడం చాలా చోట్ల అలవాటు. ఆమె కోరితే తప్ప అలా చేయకండి.

మాది పది మంది ఉన్న చిన్న సంస్థ. హెచ్‌ఆర్ కూడా లేదు. ఇవన్నీ మాకు సాధ్యమా?

మీకే సులభం. పది జీతాలు ఒక కాగితం మీద రాసి చూడటానికి అరగంట పడుతుంది. వంతుల జాబితా పెట్టడానికి పది నిమిషాలు.

వచ్చే మార్చి నాటికి ఏమైనా మారిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఈ రోజే నాలుగు అంకెలు రాసి పెట్టుకోండి. ఒకే గ్రేడులో ఆడ, మగ జీతాల తేడా ఎంత. ఈ ఏడాది ప్రమోషన్లలో ఆడవాళ్లు ఎంతమంది, అర్హుల్లో ఎంతమంది. బిడ్డ పుట్టాక తిరిగి వచ్చినవాళ్లలో ఏడాది తర్వాత కూడా ఉన్నవాళ్లు ఎందరు. తండ్రుల్లో సెలవు తీసుకున్నవాళ్లు ఎందరు. ఆ కాగితాన్ని నోటీసు బోర్డు మీద అంటించండి. వచ్చే మార్చి 8న వేదిక ఎక్కేవాళ్లు ముందుగా ఆ నాలుగు అంకెలూ, వాటి పక్కన కొత్తవీ చదవాలి. ప్రసంగం ఆ తర్వాత.